పొగాకు పొలానికి సర్కారు సొమ్ము: పంపిణీ బాగుంది, చిరునామా సరిగా లేదు

ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడి, ఊళ్లో ఇంకా నాలుగైదు ఎకరాలు పేరున ఉంచుకున్న కుటుంబాలు వనస్థలిపురం నుంచి కూకట్‌పల్లి వరకు చాలానే ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. కొండపి వైపు మా అమ్మ పేరున కొంత పట్టా భూమి ఉంది. ఆధార్, రేషన్ కార్డు ఊరి చిరునామా మీదే ఉన్నా ఆమె ఏడాదిలో సగం రోజులు మా దగ్గరే ఉంటుంది. పొలం కౌలుకు ఇచ్చాం, అందులో పండేది వర్జీనియా పొగాకు. ఆ పొలం పేరు చెప్పి ప్రభుత్వాల నుంచి వచ్చే డబ్బును ఒక సేవగా లెక్కగట్టి, అది ఎంత వేగంగా వస్తోంది, ఎవరికి చేరుతోంది, ఎవరికి చేరడం లేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. హోటల్ భోజనాన్నీ ఫోన్ బ్యాటరీనీ బేరీజు వేసేవాళ్లం, మన పన్నులతో నడిచే ఈ సేవను మాత్రం రాజకీయ చర్చకు వదిలేస్తున్నాం. దీన్ని వాడేవాళ్ల వైపు నుంచి చూడటం అవసరమని నా అభిప్రాయం.

ముందుగా బాగున్నదాని గురించి చెప్పాలి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి రూ.6,000, మూడు విడతల్లో రూ.2,000 చొప్పున, ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలో పడుతుంది. మధ్యలో దళారి లేడు, సంతకం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. ఒకప్పుడు తుపాను సాయం చెక్కు కోసం తహసీల్దారు కార్యాలయం అరుగు మీద రోజంతా కూర్చున్న తరానికి ఇది చిన్న మార్పు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లాలోనే, దర్శి మండలం వీరాయపాలెంలో, అన్నదాత సుఖీభవ పథకాన్ని ప్రారంభించింది. కేంద్రం ఇచ్చే రూ.6,000కు రాష్ట్రం రూ.14,000 కలిపి ఏడాదికి రూ.20,000 ఇవ్వడం దాని సారాంశం. తొలి విడతగా రాష్ట్రం వాటా రూ.5,000, కేంద్రం వాటా రూ.2,000 కలిసి రూ.7,000 పడింది. రెండో విడత అదే ఏడాది నవంబరు 19న వచ్చింది. చెప్పిన తేదీకి చెప్పిన మొత్తం పడటం, దానికో సందేశం ఫోన్‌కు రావడం అనే పరీక్షలో ఈ సేవకు మంచి మార్కులే వేయాలి.

లబ్ధిదారు తానేనని నిర్ధారించుకునే ఈ-కేవైసీలో, వేలిముద్ర దగ్గర మాత్రం ముసలివాళ్లకు చుక్కలు కనపడతాయి. ఏళ్ల తరబడి ఆకు రెలిచి, కర్రలకు అల్లి, జిగురు పట్టిన చేతులు మా అమ్మవి. సేవా కేంద్రంలో యంత్రం ఆ వేళ్లను గుర్తించదు. ఒక వేలు కాకపోతే ఇంకో వేలు, తడి గుడ్డతో తుడిచి మళ్లీ మొదటి వేలు. చివరికి అక్కడి అబ్బాయి, "బామ్మా, ముఖం చూపిస్తే అయిపోద్ది, కళ్లజోడు తియ్" అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. 2023లో పీఎం కిసాన్ యాప్‌లో ముఖం ద్వారా ఈ-కేవైసీ చేసే సదుపాయం తెచ్చారు. వెలుతురు వైపు తిరిగి, ఒకసారి కళ్లు ఆర్పితే పని పూర్తయింది. ఊరికి వెళ్లనక్కరలేకుండా హైదరాబాద్‌లో కూర్చుని చేసుకోగలగడం ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చిన అంశం. దీని సంగతి తెలియక ఈ-కేవైసీ కోసమే ఒంగోలు బస్సెక్కే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కనుక ఇంత వివరంగా రాశాను.

ఇంకో చిక్కు బ్యాంకుల దగ్గర వస్తుంది. డబ్బు మనం దరఖాస్తులో రాసిన ఖాతాకు వెళ్తుందనుకుంటాం. నిజానికి ఆధార్ ఆధారిత చెల్లింపు చివరగా ఏ ఖాతాకు ఆధార్‌ను జతచేశారో ఆ ఖాతాకే వెళ్తుంది. నగరంలోని ఒక బ్యాంకు శాఖలో గ్యాస్ రాయితీ కోసం అమ్మ పేరున ఎప్పుడో తెరిచిన ఖాతాకు ఆధార్ జత అయి ఉండటంతో, ఒక విడత అందులో పడి ఊరుకుంది. ఊరి బ్యాంకు పాస్‌బుక్‌లో ఏమీ కనిపించక రైతు సేవా కేంద్రం వాళ్లను తిట్టుకున్నవాళ్లం, తీరా చూస్తే డబ్బు మన దగ్గరే ఉంది. ఏ విడత ఏ బ్యాంకుకు వెళ్లిందో పీఎం కిసాన్ వెబ్‌సైటులో "లబ్ధిదారు స్థితి" దగ్గర చూడవచ్చు. ఫిర్యాదుకు 155261 నంబరు ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ముందు తమ పెద్దవాళ్ల ఆధార్ ఏ ఖాతాకు జత అయి ఉందో సరిచూసుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది.

ఇక అసలు విషయం. తొలి విడత పడిన మర్నాడు మా కౌలుదారు ఫోన్ చేశాడు. వరసకు అమ్మను పెద్దమ్మా అంటాడు.

"పెద్దమ్మా, నీకు డబ్బులు పడినయ్యంట గదా."

"పడినయ్ నాయనా. నీకు పడలా?"

"నాకు యాడ పడతయ్? పుస్తకంలో పేరు నీది గదా."

అతని మాటలో నిష్ఠూరం లేదు, వాన పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నారు పోసిందీ, నాటిందీ, తలలు తుంచిందీ, పిలకలు తీసిందీ, రాత్రిళ్లు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర నిద్ర కాచిందీ ఆయన. ఈ సేవలో లబ్ధిదారు మాత్రం వనస్థలిపురంలో సీరియల్ చూస్తున్న మా అమ్మ. పీఎం కిసాన్ నిబంధనలే భూమి పేరున ఉన్న కుటుంబాన్ని లబ్ధిదారుగా నిర్వచించాయి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లను, ప్రభుత్వ ఉద్యోగులను, నెలకు రూ.10,000 అంతకు మించి పింఛను తీసుకునేవాళ్లను తీసేశాయి గానీ, సాగు చేయనివాళ్లను తీసేయలేదు. కౌలుదారుకు అందులో చోటు లేదు. రాష్ట్ర పథకంలో కౌలు రైతులకూ సాయం ఉంటుందని ప్రభుత్వం చెప్పింది. దానికి పంట సాగుదారు హక్కు పత్రం, అంటే ఊళ్లో అందరూ సీసీఆర్‌సీ కార్డు అని పిలిచేది, ఉండాలి, పంట ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంటల నమోదులో, నమోదై ఉండాలి. 2019 నాటి చట్టం ప్రకారం ఆ పత్రానికి భూ యజమాని సంతకం కావాలి, దాని గడువు పదకొండు నెలలు. యజమాని హక్కులకు దానివల్ల భంగం రాదని చట్టంలోనే ఉంది. అయినా సంతకం పెట్టేవాళ్లు తక్కువ. "ఇవాళ కార్డు అంటారు, రేపు పొలం నాదంటారు" అన్న భయం పాతది, 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులు ఇచ్చినప్పటి నుంచీ ఇదే మాట వింటున్నాను. మా మేనమామలు ముగ్గురిలో ఇద్దరిది ఇప్పటికీ అదే మాట. మా ఇంట్లో ఆ చర్చ ఇంకా తెగలేదు.

పొగాకులో ఈ సమస్యకు ఇంకో పొర ఉంది. వరి, శనగ పండించడానికి భూమి ఉంటే చాలు, వర్జీనియా పొగాకుకు బ్యారన్ కూడా కావాలి. 1975 చట్టంతో ఏర్పడి 1976 జనవరి 1 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు దగ్గర రైతు, బ్యారన్ నమోదై ఉండాలి. ఏటా ఎంత పండించాలో బోర్డే నిర్ణయిస్తుంది, బ్యారన్‌కు ఇంత అని పంచుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమ్మకం బోర్డు వేలం కేంద్రాల్లోనే జరుగుతోంది. బ్యారన్ లైసెన్సు ఒకరిది, పొలం ఇంకొకరిది, చెమట మూడోవారిది అయిన చోట ఇద్దరికి అద్దెలు కట్టాక మిగిలిందే సాగుదారుకు. సర్కారు సాయం వీళ్లలో ఎవరికి చేరాలన్న ప్రశ్న అందుకే పొగాకు దగ్గర ఇంత పదునుగా వస్తుంది.

ఆ వేలం కేంద్రాన్ని ఒకసారి చూసినవాళ్లకు ఈ చెల్లింపుల స్థాయి ఏమిటో కూడా అర్థమవుతుంది. పొద్దున్నే గోనె పట్టా చుట్టిన బేళ్లు హాలులో వరసలుగా పేర్చి ఉంటాయి, ప్రతి బేలుకూ ఒక చీటీ. పైపొర తెరిచి ఉంచుతారు, కొనుగోలుదారులు ఆకు తీసి రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి ముందుకు కదులుతారు. ఇప్పుడు ధర చేతిలోని యంత్రంలో కొడుతున్నారు, కేకలు తగ్గాయి. రైతు తన బేలు పక్కనే నిలబడి, తనతో సంబంధం లేనట్టుగా ఎటో చూస్తుంటాడు. ఎవరూ ధర పెట్టకపోతే అది "నో బిడ్". ఆ బేలును మళ్లీ ట్రాక్టరు ఎక్కించి ఇంటికి తీసుకుపోయి, ఇంకో రోజు తేవాలి. కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం వర్జీనియా పొగాకు రైతుకు వచ్చిన సగటు ధర 2019-20లో కిలోకు రూ.124 ఉంటే, 2023-24 నాటికి రూ.279.54 అయింది. ఒక బ్యారన్ కింద 3,500 కిలోలు అమ్మే రైతును ఊహించుకోండి. వేలంలో కిలోకు పది రూపాయలు తగ్గితే అతనికి పోయేది రూ.35,000. రెండు ప్రభుత్వాలూ కలిసి ఏడాది పొడవునా ఇచ్చే రూ.20,000 కంటే అది ఎక్కువ. అంటే ఈ సేవ పొగాకు రైతు లాభనష్టాలను మార్చగలిగేది కాదు. ఎరువుల కట్టలకో, కూలీల బత్తేనికో చేతికి అందే డబ్బు అనుకుంటే దాని విలువ సరిగ్గా తెలుస్తుంది. తక్కువ చేసి మాట్లాడటం లేదు. నాట్ల వేళ చేతిలో ఉన్న ఐదు వేలకు, వడ్డీకి తెచ్చిన ఐదు వేలకు ఉండే తేడా రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు తెలుసు.

అసలు ఆదుకోవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఈ సేవను కాకుండా వేరే దారులు వాడాయి. 2020లో ధర పడిపోయినప్పుడు రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దించారు. 2025లో నల్ల బర్లీ అనే ఇంకో రకం పొగాకు కొనేవాళ్లు లేక రైతులు రోడ్డెక్కినప్పుడు మళ్లీ మార్క్‌ఫెడ్‌తోనే కొనిపించారు. బర్లీకి బోర్డు వేలం లేదు, కంపెనీలు ఊళ్లలో కొన్నంత కాలం కొంటాయి, మానేస్తే అంతే. 2022 డిసెంబరులో మాండస్ తుపాను తర్వాత పొగాకు రైతుల సంక్షేమ పథకం కింద ఆంధ్ర రైతులకు తలా రూ.10,000 వడ్డీ లేని ప్రత్యేక రుణం ఇచ్చారు. అది రుణమే, తిరిగి కట్టాలి. సంక్షేమ పథకంలో సభ్యత్వం బోర్డు దగ్గర నమోదైన రైతుకే కనుక, కౌలుదారు అక్కడా బయటే.

ఈ చిక్కు మనదే కాదు. అమెరికాలో, ముఖ్యంగా నార్త్ కరోలినా, కెంటకీ రాష్ట్రాల పల్లె కౌంటీల్లో, 1930ల నుంచి పొగాకుకు కోటా ఉండేది. కోటా ఆస్తిలాగా చేతులు మారేది, వారసత్వంగా వచ్చేది. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ తాత కోటాను ఊళ్లోని రైతుకు అద్దెకిచ్చిన మనవళ్లు అక్కడా ఉండేవారు. 2004 అక్టోబరు 22న సంతకమైన చట్టంతో ఆ విధానాన్ని రద్దు చేసి, పరిహారాన్ని పదేళ్ల పాటు, 2005 నుంచి 2014 వరకు, ఏటా ఒక వాయిదాగా చెల్లించారు. నాకు ముఖ్యమనిపించింది దాని లెక్క. కోటా యజమానికి పౌండుకు ఏడు డాలర్లు, ఆ కోటా మీద నిజంగా పంట పండించినవాడికి పౌండుకు మూడు డాలర్లు. రెండూ ఒకరే అయితే పది. మొత్తం కార్యక్రమానికి 1,014 కోట్ల డాలర్ల పరిమితి పెట్టి, ఆ డబ్బును సిగరెట్ తదితర పొగాకు ఉత్పత్తుల తయారీదారుల నుంచీ దిగుమతిదారుల నుంచీ వసూలు చేశారు. ఏడుకు మూడు న్యాయమా అని అడిగితే కాదనే అంటాను. రాత్రిళ్లు కాపు కాసినవాడికి మూడు, కాగితం దాచుకున్నవాడికి ఏడు ఏ లెక్కన సరి? కానీ సాగుదారు అనే రెండో గడి ఆ దరఖాస్తులో ఉంది, 2002 నుంచి 2004 వరకు ఎవరు పండించారో రికార్డు చూసి అందులో పేరు నింపారు. మన పీఎం కిసాన్ పత్రంలో ఆ గడి ఖాళీగా కూడా లేదు, అసలు గీయలేదు. పైగా అక్కడి చెల్లింపు పొగాకు మీద ఆధారపడటం మానుకునే వీలు ఇచ్చింది. ఇక్కడ సిగరెట్ పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వేయించే ప్రభుత్వమే, 2015-16 నుంచి పొగాకు పండే రాష్ట్రాల్లో పంట మార్పిడి కార్యక్రమమూ నడుపుతోంది. నేను ఇక్కడ సమీక్షిస్తున్న రెండు చెల్లింపుల్లో మాత్రం బ్యారన్ మూసేసే రైతుకు పైసా అదనం లేదు. లక్షలు పోసి కట్టిన బ్యారన్‌లో శనగలు ఎండబెట్టుకోలేరు కదా.

హైదరాబాద్‌లో ఈ సంగతి మాట్లాడితే తెలంగాణ మిత్రులు తమ పథకంతో పోలుస్తారు. పోల్చదగిందే. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు ఎకరాకు సీజన్‌కు రూ.4,000తో మొదలై రూ.5,000 అయింది, 2025 జనవరి నుంచి రైతు భరోసాగా మారి ఏడాదికి ఎకరాకు రూ.12,000 అయింది. 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు రూ.9,000 కోట్లు ఖాతాల్లో వేశారు. వేగంలో దానికి సాటి లేదు. కానీ ఎకరాల లెక్కన ఇవ్వడంతో భూమి ఎక్కువ ఉన్నవాళ్లకే ఎక్కువ అందుతుంది, పరిమితి లేదు. ఆంధ్ర పథకం కుటుంబానికి ఇంత అని ఇవ్వడం నా దృష్టిలో మెరుగు. కౌలుదారు విషయంలో తెలంగాణ మొదటి నుంచీ మొహమాటం లేకుండా కుదరదంది. 2023 ఎన్నికల హామీల్లో కౌలు రైతులకూ ఎకరాకు రూ.15,000 అని ఉన్నా, అమల్లోకి వచ్చిన రూ.12,000 పట్టాదారుకే వెళ్తోంది. ఖమ్మం వైపు పొగాకు వేసే కౌలుదారుకూ కొండపి కౌలుదారుకూ ఈ విషయంలో సరిహద్దు లేదు.

ఆజమాబాద్ వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ మీదుగా రోజూ వెళ్లే మాలాంటివాళ్లకు పొగాకు అంటే ఒక బస్టాపు పేరు, ఒక పాత సిగరెట్ పెట్టె మీది చార్మినార్ బొమ్మ. ఊళ్లో అది కొన్ని నెలల రెక్కల కష్టం. ఈ రెండింటి మధ్య నడిచే డబ్బు దారిని చూశాక, సేవగా దీనికి ఐదుకు మూడు ఇస్తాను. వేగానికీ పారదర్శకతకూ పూర్తి మార్కులు. గ్రామాల వారీ లబ్ధిదారుల జాబితా ఎవరైనా చూడవచ్చు, మా ఊరి జాబితాలో హైదరాబాద్, బెంగళూరు కాపురస్తుల పేర్లు ఎన్ని ఉన్నాయో మా అమ్మే వేళ్ల మీద లెక్కపెట్టింది. తగ్గించిన రెండు మార్కులూ సాగుదారును వదిలేసినందుకు.

దీన్ని సరిచేయడానికి కొత్త సర్వే అక్కర్లేదు. సర్వే నంబరు వారీగా ఏ పంట ఉంది, ఎవరు వేశారు అన్నది ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి సీజన్‌లోనూ ఈ-పంటలో నమోదవుతోంది, సాగుదారు వేలిముద్రతో సహా. పొగాకు విషయానికి వస్తే ఏ బేలు ఏ నమోదు మీద వచ్చింది, ఎంతకు అమ్ముడైంది, డబ్బు ఏ ఖాతాకు వెళ్లింది అన్నది బోర్డు దగ్గర ఉంది. ఈ రెండు రికార్డులనూ చెల్లింపుల జాబితాతో కలిపి చూసి, పట్టాదారు, సాగుదారు వేరు వేరు అయిన చోట రాష్ట్రం ఇచ్చే రూ.14,000లో కొంత భాగమైనా యజమాని సంతకంతో పని లేకుండా ఈ-పంటలో ఉన్న పేరుకు వేస్తే చాలు. అందాకా, హైదరాబాద్‌లో ఉంటూ ఆంధ్రలో పొలం కౌలుకిచ్చినవాళ్లు సీజన్ మొదట్లోనే కౌలుదారుతో కలిసి రైతు సేవా కేంద్రానికి వెళ్లి కార్డుకు సంతకం పెట్టడమే మిగిలిన దారి. ఈ-పంట నమోదు ముగిసిన తర్వాత వెళ్తే ఆ ఏడాదికి ఆ సంతకం అక్కరకు రాదు.